నాన్నలూ పిల్లలూ కలిసి బీచ్ శుభ్రం చేయడం: మొదలుపెట్టాలనుకుంటున్నా, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఇసుకగూడు

అందరికీ నమస్తే. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఐదు. ఆదివారం పొద్దున వాళ్ళమ్మకి డ్యూటీ ఉంటుంది, ఆ పూట పిల్లలు నాతోనే. పోయిన వారం సముద్రం దగ్గర ఇసుకగూడు కడుతుంటే గుంటలోంచి ఒక పాత టూత్‌బ్రష్ బయటపడింది. చిన్నవాడు దాన్ని గూటి మీద జెండాలా గుచ్చి చప్పట్లు కొట్టాడు. పెద్దది మాత్రం "ఇది ఇక్కడికెలా వచ్చింది నాన్నా?" అని పట్టుకుంది. ఇంటికొచ్చేదాకా వదల్లేదు. నా దగ్గర జవాబు లేదు.

అప్పట్నుంచి మనసులో తిరుగుతోంది. వారానికోసారి కాకపోయినా రెండు వారాలకోసారి ముగ్గురం వెళ్ళి ఒడ్డు శుభ్రం చేద్దామని ఉంది. ఐదేళ్ళ వాణ్ణి తీసుకెళ్ళొచ్చా? ఏం పట్టుకెళ్ళాలి? పిల్లల్ని దేన్ని ముట్టుకోనివ్వకూడదు? నాకున్న అసలు భయం వేరే. ఉత్సాహంగా మొదలుపెట్టి మూడోసారికి మానేస్తే పిల్లలకి నేర్పేది మానేయడమే కదా. ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళు చెప్పండి, ఎలా నిలబెట్టుకున్నారు?

పోటుగీత

మేం ఆరేళ్ళుగా వెళ్తున్నాం, నేనూ మా ఇద్దరబ్బాయిలూ. మొదలుపెట్టినప్పుడు చిన్నవాడికి నాలుగేళ్ళే. వయసు గురించి బెంగ వద్దండి. వేళ చూసుకోవడమే ముఖ్యం.

ముందురోజే ఆటుపోట్ల పట్టిక చూడండి. పోటు దిగి నీళ్ళు వెనక్కి తగ్గుతున్నప్పుడు వెళ్ళాలి. పోటు ఎంతదాకా వచ్చిందో అంతవరకూ నాచు, పుల్లలు, గవ్వలతో ఇసుక మీద ఒక గీత మిగులుతుంది. చెత్తలో ఎక్కువ భాగం దాని మీదే ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బాగా పైకెక్కుతుంది. ఆ తర్వాత రెండు మూడు రోజులకి వెళ్తే ఒకదాని కింద ఒకటి రెండు మూడు గీతలు కనిపిస్తాయి. పైగీత మీద పాత చెత్త, కిందిగీత మీద కొత్తది. మా పిల్లలు ఆ గీతల్ని చదివినట్టే చదువుతారు.

నీళ్ళవైపు ఎప్పుడూ నేనుంటాను, పిల్లలు నాకు పైవైపు. సముద్రానికి వీపు పెట్టి ఎవరూ వంగకూడదు. ఇది మా ఇంట్లో బేరం లేని మాట.

ఇంజెక్షన్ సూది, గాజుపెంకు, బ్లేడు కనిపిస్తే మా వాళ్ళు చేసేది ఒకటే. ఆగడం, చేయెత్తడం, నన్ను పిలవడం. నేనే పొడవాటి పట్టకారుతో తీసి మూతున్న గట్టి డబ్బాలో వేస్తాను. సంచిలో వేస్తే మోసేటప్పుడు కాలికి గుచ్చుకుంటుంది. ఒకవేళ సూది గుచ్చుకుంటే ధారగా పారే నీళ్ళలో సబ్బుతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. డ్రమ్ములు, సిలిండర్లు, ఏమిటో తెలియని డబ్బాలు పెద్దవాళ్ళు కూడా ముట్టుకోవద్దు. దూరంగా జరిగి పోలీసులకో తీరరక్షక దళానికో చెప్పాలి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీ చేపలూ, నీలిరంగు బుడగలా ఉండే బ్లూ బాటిళ్ళూ చచ్చినా చర్మం మీద మంట పెడతాయి, చిన్నవాడికి ముందే చూపించి చెప్పండి.

ఏరిన చెత్త ఎక్కడికి పోవాలో ఇంటి దగ్గర బయల్దేరకముందే మాట్లాడుకోండి. ఒడ్డున కుప్పపెట్టి వస్తే కుక్కలు చింపుతాయి, మిగిలింది రాత్రి పోటుకి మళ్ళీ లోపలికి పోతుంది. మాకది మొదటి నెలలోనే అనుభవమైంది. ఆ తర్వాత మున్సిపాలిటీ వాళ్ళతో మాట్లాడి బండి వచ్చే వేళకి రోడ్డు దాకా మోసుకొస్తున్నాం.

ఐదేళ్ళ వాడికి నలభై నిమిషాలు చాలు. ఇంకా చేద్దాం అంటున్నప్పుడే ఆపేయండి. మీరడిగిన అసలు ప్రశ్నకి నా జవాబు ఇదీ: సంచి మీరు మోయండి, లెక్క పిల్లల చేతిలో పెట్టండి. ఒక పుస్తకం, ఒక పెన్సిలు. మూతలెన్ని, సీసాలెన్ని, తాడు ముక్కలెన్ని అని అడ్డగీతలు గీసుకోవాలి. మా పెద్దవాడు మూడోసారికి రానన్నాడు. పుస్తకం వాడి చేతికిచ్చాక, వానపడి నేను ఆగుదామన్నా వాడు ఆగలేదు.

నిలకడనీరు

ఎవర్నీ నొప్పించాలని కాదు గానీ నా అనుభవం కూడా చెప్పాలి. మూడు నెలలు నేనూ మా బాబూ వెళ్ళాం. శనివారం శుభ్రం చేసిన చోట సోమవారానికి మళ్ళీ అంతే చెత్త. మూడో నెలలో ఒక రోజు వాడు ఇసుకలో కూలబడి ఏడ్చాడు. "మనం చేసింది ఎక్కడికి పోయింది నాన్నా" అన్నాడు. వాడికప్పుడు ఏడేళ్ళు.

తయారు చేసి లాభం తీసుకునేది ఒకరు, వాడి పారేసేది ఒకరు, ఎండలో వంగి ఏరేది పసిపిల్లలా? చిల్లికుండలో నీళ్ళు పోయించినట్టు అనిపించింది. ఆ ఏడుపు నేను మర్చిపోలేను. ఆదివారం పూట పిల్లలు ఆడుకోవాలి.

ఆల్చిప్ప

నిలకడనీరు గారూ, మీ బాబు అడిగింది చిన్న ప్రశ్న కాదు. జీవశాస్త్రం చెప్పే టీచర్ని నేను, ఏటా ఎవరో ఒక పిల్ల ఈ మాటే అడుగుతుంది.

ఏరినంత మాత్రాన సముద్రం శుభ్రం కాదు, ఆ మాట నిజం. ఏరిందాన్ని లెక్క రాస్తే మాత్రం అది వేరే పని అవుతుంది. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, కేథీ ఒహారా ఒక శుభ్రతా దినం పెట్టారు. 2,800 మంది వచ్చారు. దొరికిన ప్రతి వస్తువునీ కార్డు మీద రాయమన్నారు వాళ్ళు. ఓషన్ కన్సర్వెన్సీ సంస్థ ఏటా సెప్టెంబర్ మూడో శనివారం జరిపే అంతర్జాతీయ తీర శుభ్రతా దినం దాన్నుంచి పుట్టిందే. వందకు పైగా దేశాలవాళ్ళు అదే పద్ధతిలో రాస్తున్నారు.

ఆ రాతలు ఊరికే పోలేదు. యూరప్ బీచ్‌లలో దొరికినవాటిని లెక్కేస్తే, ఒకసారి వాడి పారేసే పది రకాల ప్లాస్టిక్ వస్తువులూ చేపలవేట సరంజామా కలిపి సముద్రపు చెత్తలో 70 శాతం అని తేలింది. 2019లో చట్టం చేసేటప్పుడు ఆ జాబితానే ముందుపెట్టుకున్నారు. 2021 జూలై నుంచి అక్కడ ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, స్పూన్లు, చెవిలో పెట్టుకునే ప్లాస్టిక్ పుల్లలు కొత్తగా మార్కెట్లోకి రాకూడదు. 2024 జూలై నుంచి మూడు లీటర్ల దాకా పట్టే పానీయాల ప్లాస్టిక్ సీసాలకి మూత ఊడిపోకుండా సీసాకే అతుక్కుని ఉండాలి. మూత ఎందుకు? ఒడ్డున వంగి చూసినవాళ్ళకి ఏళ్ళ తరబడి మూతలు అన్నేసి దొరికాయి కాబట్టి.

మీ బాబు ఏరిన మూతలు ఎక్కడికీ పోలేదండి. రాయలేదు, అంతే.

వానచినుకు

నాది చిన్న సంగతి. మా వాడికి పదేళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు వాడి పుస్తకంలో సిగరెట్ పీకల గడి 143 దగ్గర ఆగింది. నేనప్పుడు రోజుకి పది కాల్చేవాణ్ణి. వాడు నన్ను ఒక్కమాట అనలేదు. ఇంటికొచ్చి "నాన్నా, పీకలో ఉండే దూది నిజం దూది కాదట, ప్లాస్టిక్ అట" అన్నాడంతే. చూస్తే నిజమే, సెల్యులోజ్ ఎసిటేట్. మట్టిలో కలిసిపోతుందని ఇరవై ఏళ్ళు నమ్మాను.

రెండోసారి వెళ్ళేముందు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ గడి మళ్ళీ వాడు నింపుతుంటే పక్కన ఎలా నిలబడాలా అని. మానేసి పద్నాలుగు నెలలైంది.

దూరపుకెరటం

నేను ఓడల్లో ఇంజన్ రూం మనిషిని. ఏడాదిలో ఏడెనిమిది నెలలు నీళ్ళ మీదే. ఇంటికొచ్చిన మొదటి వారం మా అమ్మాయికి నేను చుట్టంలా ఉంటాను. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు. వాళ్ళ బడిలో తీరం శుభ్రం చేసే జట్టు ఉంది. పోయినసారి సెలవులో "వస్తావా" అంది. వెళ్ళాను.

తను రాసే పుస్తకం చూపించింది. తేదీ, చోటు, వస్తువు, ఎన్ని. నాకు నవ్వూ కన్నీళ్ళూ ఒకేసారి వచ్చాయి. ఓడ మీద మేమూ అలాంటిదే రాస్తాం, గార్బేజ్ రికార్డ్ బుక్ అంటారు. ఓడల నుంచి ప్లాస్టిక్‌ని సముద్రంలో పడేయకూడదని అంతర్జాతీయ నియమం 1988 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది, ఓడల కాలుష్యం మీద దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందంలోని ఐదో అనుబంధం అది. కాల్చిందెంత, రేవులో దించిందెంత, ఏ తేదీన, ఎక్కడ, అన్నీ సంతకంతో ఎక్కించాలి. "నువ్వు అటుపక్క రాస్తున్నావ్, నేను ఇటుపక్క రాస్తున్నా" అంది మా అమ్మాయి.

ఇప్పుడు నేను ఓడెక్కాక ఆదివారం రాత్రి తన లెక్క ఫోన్‌లో పంపుతుంది. "తిన్నావా, పడుకున్నావా" కాకుండా మా మధ్య మాట్లాడుకోవడానికి ఒక సంగతి ఉంది.

ఒక సలహా. వలలు, మోకులు ఇసుకలో సగం పూడుకుని కనిపిస్తే పిల్లల చేత లాగించకండి. పైన మూరెడు కనిపించినా లోపల బారలకొద్దీ ఉండొచ్చు. తడి ఇసుక పట్టిన వల బరువు నడుము విరగ్గొడుతుంది. చేతితో వచ్చినంతే తీయండి. మిగతాది పదిమంది ఉన్నప్పుడు తవ్వాలి. దాంట్లో పీతలో పక్షులో చిక్కుకున్నాయేమో ముందు చూడండి.

ఆదివారంనాన్న

నేనూ మా బాబు వాళ్ళమ్మా విడిగా ఉంటాం. నెలలో రెండు ఆదివారాలు బాబు నాతో ఉంటాడు. వాడికి పన్నెండు. ఎదురెదురుగా కూర్చుంటే "బడి ఎలా ఉంది", "బానే ఉంది", అక్కడితో అయిపోతుంది. ఒడ్డు వెంట పక్కపక్కన నడుస్తూ, ఇద్దరి చూపూ నేల మీదున్నప్పుడు వాడే మాట్లాడతాడు. తాళ్ళ ముక్కలు ఏరుతూ ఒకరోజు వాడు తన క్లాసులో ఒకడు ఏడిపిస్తున్న సంగతి చెప్పాడు. నేను తలెత్తలేదు. ఎత్తితే ఆపేస్తాడని తెలుసు. ఇంకో పది అడుగులు నడిచాక మిగతాది చెప్పాడు.

ఇసుకగూడు గారూ, మీరు నేర్పబోయే పాఠం గురించి ఎక్కువ ఆలోచించకండి. మాట్లాడకుండా నడవండి.

గవ్వలసంచి

నాకు పదిహేనేళ్ళు. ఇక్కడ రాసేవాళ్ళంతా నాన్నలు, అందుకని కూతురి వైపు నుంచి చెప్తాను.

ఏడేళ్ళప్పట్నుంచి నాన్నతో వెళ్తున్నా. పన్నెండేళ్ళప్పుడు మానేశా. మా క్లాసువాళ్ళు చూస్తే సిగ్గుగా ఉండేది. నాన్న బతిమాలలేదు, కోప్పడలేదు. ఒక్కడే వెళ్ళొచ్చి పుస్తకం బల్ల మీద పెట్టేవాడు. ఒకరోజు తెరిచి చూస్తే "చిన్న తెల్ల గుండ్లు, చాలా" అని రాసి ఉంది. "చాలా" అంటే ఎంత? లెక్కలో అలా రాస్తారా? అది సరిచేద్దామని మళ్ళీ వెళ్ళాను. ఇప్పటిదాకా ఆపలేదు.

అవి నర్డిల్స్. ప్లాస్టిక్ వస్తువు ఏదైనా తయారు చేయడానికి ముందు ముడిసరుకు ఆ గుండ్ల రూపంలోనే ఫ్యాక్టరీలకి వెళ్తుంది. మధ్యలో ఒలికిపోయినవి కాలవల్లోంచి, ఓడల్లోంచి సముద్రంలోకి వస్తాయి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ తగలబడి మునిగినప్పుడు సుమారు 1,680 టన్నుల గుండ్లు నీళ్ళలో కలిశాయి. చేపగుడ్లలా ఉంటాయని పక్షులు తింటాయి. స్కాట్లాండ్‌లోని ఫిడ్రా అనే సంస్థ "గ్రేట్ నర్డిల్ హంట్" పేరుతో ఎక్కడెక్కడ దొరికాయో అందరి దగ్గరా వివరాలు తీసుకుని మ్యాప్ మీద పెడుతుంది. జపాన్‌లో హిదెషిగే తకదా అనే ప్రొఫెసర్ 2005లో ఇంటర్నేషనల్ పెలెట్ వాచ్ మొదలుపెట్టారు. మన బీచ్‌లో ఏరిన గుండ్లని కవర్లో పెట్టి పోస్టు చేస్తే, అవి సముద్రంలోంచి ఏ విషాల్ని పీల్చుకున్నాయో వాళ్ళు పరీక్ష చేస్తారు. పసుపురంగుకి తిరిగినవి ఎక్కువ పనికొస్తాయి. నేనూ నాన్నా ఒక రాత్రంతా దీపం కింద పసుపువి వేరు చేశాం. నాకు బాగా గుర్తుండిపోయిన రాత్రి అది.

నాన్నలకి నా కోరికలు రెండు. ప్రతి ముక్క ఎత్తినప్పుడూ "చూశావా మనుషులు ఎలాంటివాళ్ళో" అనకండి. మేం చిన్నపిల్లలం, మేమూ మనుషులమే కదా, భయమేస్తుంది. ఇంకోటి, ఎంతసేపూ ఫోటోలు తీయకండి. ఫోన్ పట్టుకున్న చేత్తో సంచి పట్టుకోవడం కుదరదు.

నిలకడనీరు

గవ్వలసంచీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివానమ్మా. "భయమేస్తుంది" అన్న దగ్గర ఆగిపోయాను. నేను మా వాడితో ప్రతిసారీ ఆ మాటే అన్నాను. ప్రపంచం పాడైపోతోందనీ, మనమే బాగుచేయాలనీ. వాడు ఏడ్చింది చెత్త తిరిగొచ్చిందని కాదేమో. అంత బరువూ తన మీద వేసుకున్నాడేమో.

నా అభ్యంతరం మాత్రం పూర్తిగా పోలేదు. తయారుచేసేవాళ్ళని అడగకుండా పిల్లల్ని మెచ్చుకుంటూ కూర్చుంటే అది న్యాయం కాదు.

పోటుగీత

అది న్యాయం కాదు, మీతో వంద శాతం ఏకీభవిస్తాను. మేం ఏడాదికోసారి పుస్తకంలోంచి లెక్క తీసి, ఎక్కువసార్లు కనిపించిన కంపెనీలకి ఉత్తరం రాస్తాం. పిల్లలు చెప్తారు, నేను రాస్తాను. ఇద్దరు జవాబిచ్చారు, మిగతావాళ్ళు ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళకి మా చిన్నవాడు మళ్ళీ రాయిస్తాడు.

పిల్లల మీద బరువు సంగతి కూడా సరిగ్గా పట్టుకున్నారు. మేం మొత్తం బీచ్ చేయం. విరిగిన పడవ దగ్గర్నుంచి రాళ్ళగట్టు దాకా, యాభై అడుగులు వెడల్పు. అది మాది. ఎప్పుడు వెళ్ళినా అదే. పక్కన చెత్త కనిపిస్తే పెద్దవాళ్ళం చూసుకుంటాం, పిల్లలది మాత్రం ఆ ముక్కే. ఒకేచోట చేస్తే లెక్కలు పోల్చుకోవచ్చు కూడా.

పాతలంగరు

మా నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఆయన ఏ సంస్థ పేరూ వినలేదు. సాయంత్రం ఒడ్డున నడకకి వెళ్ళేటప్పుడు భుజాన గోనెసంచి ఉండేది, వెనక నేను. తాళ్ళూ గాజుముక్కలూ దాంట్లో పడేవి. ఎందుకని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు నా మనవరాలు నా వెనక నడుస్తుంటే ఆ సంచి బరువు భుజానికి తెలుస్తోంది.

ఆయన ఒక్క విషయంలో మాత్రం కేకలేసేవాడు. నాచు కుప్పని లాగితే. "అది వాటి ఇల్లు, వదిలెయ్" అనేవాడు.

ఆల్చిప్ప

మీ నాన్నగారికి దండం పెట్టాలనుంది. పెద్ద ఎత్తున జరిగే కార్యక్రమాల్లోనూ చాలామంది చేసే తప్పు అదే. ఒడ్డున ఎండిన నాచు, కర్రలు, ఖాళీ గవ్వలు చెత్త కాదు. ఎగిరే ఇసుక పురుగులు దాంట్లో బతుకుతాయి, వాటిని తిని పక్షులు బతుకుతాయి. కర్రా నాచూ ఇసుకని గాలికి ఎగిరిపోకుండా పట్టి ఉంచుతాయి. ఖాళీ గవ్వలు సన్యాసి పీతలకి ఇళ్ళు. నాచులో ఇరుక్కున్న ప్లాస్టిక్‌ని చేత్తో విడదీసి, నాచుని అక్కడే వదిలేయాలి. ఈ పని పిల్లల చిన్న వేళ్ళకి పెద్దవాళ్ళకంటే బాగా వస్తుంది.

తాబేళ్ళు గుడ్లుపెట్టే తీరమైతే ఆ నెలల్లో అటవీశాఖ వాళ్ళనడిగి వెళ్ళండి. ఇసుకలో తవ్విన గుంటలు పూడ్చి రండి, పిల్ల తాబేళ్ళు వాటిలో పడితే బయటికి రాలేవు. ముంబైలోని వెర్సోవా బీచ్‌లో ఆఫ్రోజ్ షా అనే లాయరు 2015లో పక్కింటి 84 ఏళ్ళ పెద్దాయనతో కలిసి ఏరడం మొదలుపెట్టారు. వారం వారం జనం చేరారు. 2018 మార్చిలో అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు ఇసుకలోంచి పైకొచ్చి సముద్రంలోకి నడిచాయి. మొదటి రోజున ఉన్నది ఇద్దరే.

ఇసుకగూడు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమావాస్య దాటిన మూడో రోజు వెళ్ళొచ్చాం. మెట్ల దగ్గర్నుంచి పాత కొబ్బరిమొద్దు దాకా ముక్క మాది అని పిల్లలే కొలిచారు, అమ్మాయి అడుగులతో అరవై రెండు.

నేను నీళ్ళవైపు నిలబడ్డాను. చిన్నవాడు మూతలు తప్ప ఇంకేమీ ముట్టలేదు, రంగు ప్రకారం వరసలు పెట్టాడు. నీలం ఎక్కువ. సరిగ్గా నలభై నిమిషాలకి ఆపేద్దాం అంటే ఒప్పుకోలేదు, అయినా ఆపాను. అమ్మాయి పుస్తకంలో 61 మూతలు, 38 పీకలు, 27 తాడు ముక్కలు, 9 చెప్పులు (అన్నీ ఒంటివే), 1 టూత్‌బ్రష్. టూత్‌బ్రష్ ఎదురుగా "ఎలా వచ్చింది" అని తనే కొత్త గడి గీసుకుంది. ఇద్దరం కాసేపు ఆలోచించాం. దాంట్లో "తెలీదు, కనుక్కోవాలి" అని రాసింది.

నిలకడనీరు గారూ, మీ మాట గుర్తుంచుకుని నేను మనుషుల మీద ఒక్క మాటా అనలేదు. మీరూ బాబూ మళ్ళీ ఎప్పుడైనా వెళ్తే చెప్పండి.

గవ్వలసంచీ, నువ్వు చెప్పిన గుండ్లు తడి గీత పైన కనిపించాయమ్మా. పద్దెనిమిది దాకా ఏరి మా అమ్మాయి ఓపిక లేక ఆగింది. వచ్చేసారి జల్లెడ తెమ్మంటోంది. ఎలాంటిది తేవాలి?

నిలకడనీరు

అడిగాను. "లెక్క నేను రాస్తానంటే వస్తా" అన్నాడు. పుస్తకం కొన్నాం.

గవ్వలసంచి

అంకుల్, నర్డిల్ 2 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అందుకని ఒక మిల్లీమీటరు రంధ్రాల జల్లెడ తీసుకోండి. పొడి ఇసుకలోనే పట్టాలి, తడిది అంటుకుపోతుంది. ఇంకో పద్ధతి, గీత మీది పై పొర ఇసుకని చేటెడు తీసి బకెట్ నీళ్ళలో వేసి కలపండి. చాలా గుండ్లు పైకి తేలతాయి, టీ వడకట్టేదాంతో తీసేయొచ్చు. ఆ నీళ్ళనీ ఇసుకనీ మళ్ళీ తీసిన చోటే పోయించండి, పీతపిల్లలు ఉంటాయి. మీ అమ్మాయిని "చాలా" అని మాత్రం రాయొద్దనండి.